పాత తెరచాప పడవకు కొత్త దీపాలు, వించ్‌ల సర్వీసింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై, ముప్ఫై ఏళ్ల నాటి చిన్న తెరచాప పడవ చేతికొస్తే ముందుగా పని పడేది రెండు చోట్ల: రాత్రి వెలగాల్సిన దీపాల దగ్గర, తాళ్లు లాగాల్సిన వించ్‌ల (హ్యాండిల్ తిప్పి, డ్రమ్‌కు చుట్టిన తాడును బిగించే యంత్రాల) దగ్గర. రెండింటి జబ్బూ ఒకటే. దీపం పోయిందనుకుంటాం, తీరా చూస్తే పోయింది దాని కింది కాంటాక్టు. వించ్ అరిగిపోయిందనుకుంటాం, విప్పి చూస్తే గేరు పళ్లు నిక్షేపంలా ఉంటాయి, గట్టిపడింది పాత గ్రీజు. అందుకే ఏదైనా కొనేముందు ఒకసారి విప్పి కడగమంటాం. కింద చెప్పేదంతా 12 మీటర్ల లోపు పడవకు, 12 వోల్టుల బ్యాటరీకి వర్తిస్తుంది.

దీపాలా, వించ్‌లా, ముందు ఏ పని పట్టుకోవాలి?

మాస్ట్ (తెరచాపను మోసే స్తంభం) దింపి ఉంటే దీపాలు. నిలబెట్టి ఉంటే వించ్‌లు, ఎందుకంటే మాస్ట్ మీదికి మనిషిని లాగేది ఆ వించే. వెనక్కి జారే వించ్‌తో మనిషిని పైకెత్తడం ప్రాణాలతో చెలగాటం. వించ్ ఎంత బాగున్నా రెండో హాల్‌యార్డ్‌ను (తెరచాపను పైకెత్తే తాడును) భద్రతా తాడుగా వేరే క్లీట్‌కు (తాడు చుట్టి కట్టే కొమ్ముకు) కట్టి, దాన్ని చూసుకోవడానికి ఇంకో మనిషిని పెట్టండి.

నిబంధనల ప్రకారం ఏయే దీపాలు ఉండాలి?

సముద్రంలో నౌకలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనలే దీనికి ఆధారం. తెరచాపతో వెళ్తున్నప్పుడు ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, ఒక్కొక్కటి సరిగ్గా ముందు నుంచి పక్కకు 112.5 డిగ్రీల మేర కనపడాలి. వెనక తెల్లదీపం 135 డిగ్రీలు. 12 మీటర్ల లోపు పడవకు పక్క దీపాలు కనీసం 1 నాటికల్ మైలు, వెనక దీపం 2 మైళ్లు కనపడాలి.

ఇంజనుతో పడవను నడిపించిన మరుక్షణం, తెరచాపలు ఎత్తి ఉన్నా సరే, మీది మోటారు పడవ కిందే లెక్క. అప్పుడు వీటికి తోడు ముందువైపు 225 డిగ్రీల మేర కనిపించే తెల్లదీపం మాస్ట్ మీద వెలగాలి. లంగరేస్తే అన్ని వైపులా కనిపించే తెల్లదీపం ఒకటి చాలు.

మాస్ట్ కొసన మూడు రంగుల దీపం (ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు ఒకే డబ్బాలో) ఉంది. ఇంజను మీద వెళ్తున్నప్పుడూ అదే వేసుకోవచ్చా?

కూడదు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. మూడు రంగుల దీపం 20 మీటర్ల లోపు పడవకు, అదీ తెరచాప మీద ఉన్నప్పుడే. ఇంజను వేస్తే దాన్ని ఆపి డెక్ దగ్గరి దీపాలు వేయాలి. రెండూ కలిపి వేయడం అసలు కుదరదు: దూరం నుంచి చూసేవాడికి రెండు ఎరుపులు ఒకదాని మీద ఒకటి కనపడితే ఏమనుకోవాలి?

12 మీటర్ల లోపు పడవకు ఒక సులువు ఉంది. ఇంజను మీద ఉన్నప్పుడు, ముందు దీపం, వెనక దీపం అని రెండు తెల్లవి పెట్టే బదులు చుట్టూ కనిపించే తెల్లదీపం ఒక్కటీ పక్క దీపాలతో కలిపి చూపించవచ్చు. అంటే మాస్ట్ కొసన ఉన్న లంగరు దీపం వేసి, ముక్కు దగ్గరి ఎరుపు-ఆకుపచ్చ వేసి, వెనక దీపం ఆపేస్తే చాలు. మాస్ట్ మధ్యలోని దీపం నడిసముద్రంలో పోయినా దీనితో గట్టెక్కవచ్చు. తెల్లదీపం పక్క దీపాలకన్నా కనీసం 1 మీటరు ఎత్తున ఉండాలి.

పాత డబ్బా అలాగే ఉంచి లోపలి బల్బు మాత్రం ఎల్‌ఈడీకి మారిస్తే సరిపోతుంది కదా?

లంగరు దీపానికి, కేబిన్ దీపాలకు నిరభ్యంతరంగా మార్చుకోండి. రంగు దీపాల దగ్గరే చిక్కు.

పాత రంగు అద్దాన్ని పసుపు కలిసిన ఫిలమెంటు వెలుగుకు సరిపడేలా చేశారు. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో నీలం పాలు ఎక్కువ, ముదురు ఎరుపు తక్కువ. ఆ వెలుగు ఆకుపచ్చ అద్దం దాటేసరికి నీలంగా, ఎర్ర అద్దం దాటేసరికి నీరసంగా బయటికొస్తుంది. కాబట్టి ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీ, ఆకుపచ్చ అద్దం వెనక ఆకుపచ్చ ఎల్‌ఈడీ ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బల్బుతో వెలిగే డబ్బాకైతే రంగులు విభజించిన బల్బులు దొరుకుతాయి, కానీ వాటిని సరైన దిశకు తిప్పి బిగించాలి.

రెండో చిక్కు హద్దుది. ఫిలమెంటు సన్నటి నిలువు గీత, దాని వెలుగును డబ్బాలోని అడ్డుగోడ సూటిగా తెంచుతుంది. ఎల్‌ఈడీ బల్బు మొక్కజొన్న కంకిలా చుట్టూ చిప్పులతో లావుగా ఉంటుంది, దాంతో హద్దు చెదురుతుంది. ముందువైపు పక్క దీపం వెలుగు తన హద్దు దాటాక 1 నుంచి 3 డిగ్రీల లోపల తెగిపోవాలని నిబంధన. లావు బల్బు పెడితే ఎదురుగా వచ్చే పడవకు చాలా సేపు ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనపడతాయి, మీరు ఎటు తిరుగుతున్నారో వాళ్లకు అంతుపట్టదు.

ధ్రువీకరణ డబ్బాకూ బల్బుకూ కలిపి ఇస్తారు, బల్బుకు విడిగా కాదు. అందుకని రంగు దీపాలకు మొత్తం ఎల్‌ఈడీ ఫిక్చరే కొనమంటాం. పాత ప్లాస్టిక్ అద్దం ఎండకు వెలిసిపోయి ఉంటే ఇక ఆలోచించే పనే లేదు: పాలిష్ చేస్తే మెరుపొస్తుంది గానీ పోయిన రంగు రాదు.

బల్బు కొనేటప్పుడు దేన్ని చూడాలి?

మూడు సంగతులు. మొదటిది అడుగు భాగం. బీఏ15డీ రకానికి రెండు పిన్నులూ ఒకే ఎత్తులో, బీఏవై15డీ రకానికి ఒకటి కాస్త పైన, ఒకటి కింద ఉంటాయి. పాత బల్బును పక్కన పెట్టుకుని కళ్లతో చూసి కొనండి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. రెండోది వోల్టేజి. '12 వోల్టులు' అని మాత్రమే రాసి ఉన్న చవక బల్బు పనికిరాదు. ఛార్జరు వేసినప్పుడు బ్యాటరీ 14.4 వోల్టుల దాకా వెళ్తుంది, కొన్ని ఛార్జర్లతో ఇంకా పైకి. 10 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకుని, లోపల కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవరు ఉన్నదే తీసుకోండి. మూడోది ధ్రువాలు. కొన్ని ఎల్‌ఈడీలు ప్లస్సు, మైనసు తారుమారైతే వెలగవు. కొత్త బల్బు పాడైందని తిరిగిచ్చేముందు వైర్లు మార్చి చూడండి.

ఎల్‌ఈడీ పెట్టాక వీహెచ్‌ఎఫ్ రేడియోలో (పడవల మధ్య మాట్లాడుకునే రేడియోలో) గరగర మొదలైంది. సంబంధం ఉందా?

తప్పకుండా ఉండొచ్చు. వోల్టేజిని దించే డ్రైవరు వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ రేడియో తరంగాలను వెదజల్లుతుంది. వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా సాధారణంగా మూడు రంగుల దీపం పక్కనే ఉంటుంది కాబట్టి దెబ్బ నేరుగా తగులుతుంది. అమెరికా కోస్ట్ గార్డ్ 2018లో దీని మీదే హెచ్చరిక జారీ చేసింది.

పరీక్ష తేలిక. దీపాలన్నీ ఆపి, ఎవరూ మాట్లాడని ఛానల్‌కు వెళ్లండి. స్క్వెల్చ్ (గరగరను అణిచే మీట) తిప్పుతూ గరగర వినపడేలా చేసి, అది సరిగ్గా ఆగిపోయే చోటికి వెనక్కి తేండి. ఇప్పుడు దీపాలు ఒక్కొక్కటే వేయండి. ఏది వేసినప్పుడు గరగర మళ్లీ మొదలైతే అదే దొంగ. గరగర చెవిన పడుతుంది కాబట్టి నయం, పడవల జాడ చెప్పే ఏఐఎస్ పనిచేసే 161.975, 162.025 మెగాహెర్ట్జ్‌ల మీద అదే జరిగితే చప్పుడు ఉండదు, దూరపు ఓడలు తెర మీదికి రావడం మానేస్తాయి. ఫెర్రైట్ రింగులో వైరును రెండు మూడు చుట్లు తిప్పితే కొంత తగ్గుతుంది. అసలు మందు బల్బు మార్చడమే.

బ్యాటరీ ఎంత మిగులుతుంది?

10 వాట్ల లంగరు దీపం పది గంటలు వెలిగితే 8 ఆంపియర్-గంటల పైన తాగుతుంది. అదే పని చేసే 2 వాట్ల ఎల్‌ఈడీ 1.7తో సరిపెడుతుంది. 25 వాట్ల మూడు రంగుల దీపం గంటకు 2 ఆంపియర్-గంటలు లాగితే, ఎల్‌ఈడీ అందులో పదో వంతు. రాత్రంతా ప్రయాణించేవారికి ఇక్కడే అసలు లాభం. సాయంత్రం గంటసేపు తిరిగొచ్చే పడవకు ఈ లెక్క పెద్దగా అక్కర్లేదు.

ఎల్‌ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది కదా, పాత వైర్లు అలాగే వదిలేయొచ్చా?

లెక్క ప్రకారం వదిలేయొచ్చు. స్విచ్ ప్యానెల్ నుంచి మాస్ట్ కొస దాకా 15 మీటర్లు అనుకుందాం, రానూపోనూ 30. రాగి వైరు 1.5 చదరపు మి.మీ. అయితే దాని నిరోధం 0.35 ఓమ్‌లు. పాత 25 వాట్ల బల్బుతో 0.7 వోల్టులు దారిలోనే పోతాయి, ఆ కాస్తకే ఫిలమెంటు వెలుగు అయిదో వంతు తగ్గుతుంది. ఎల్‌ఈడీతో పోయేది 0.1 వోల్టు కూడా ఉండదు.

కానీ ఇందులో ఒక మోసం ఉంది. తుప్పు పట్టి 1 ఓమ్ నిరోధం తెచ్చుకున్న జాయింటు పాత బల్బును మసకగా చేసి మిమ్మల్ని హెచ్చరించేది. ఎల్‌ఈడీ దాన్ని దాచేస్తుంది. వెలుగు బాగానే ఉంటుంది, ఒక రాత్రి ఉన్నట్టుండి ఆరిపోతుంది. కాబట్టి పాత బల్బు ఉండగానే కొలవండి. దీపం వేసి, మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ ప్లస్సుకు, రెండోది దీపం ప్లస్సు కాంటాక్టుకు తాకించండి. చూపించేది ఆ దారిలో పోతున్న వోల్టేజి. మైనసు వైపూ అంతే. రెండూ కలిపి వైరు లెక్క ప్రకారం పోవాల్సినదాన్ని (పై ఉదాహరణలో 0.7 వోల్టులు) బాగా దాటితే ఒక్కో జాయింటే దాటుకుంటూ వెతకండి. దాదాపు ప్రతిసారీ దొరికేది మాస్ట్ అడుగున డెక్ మీదున్న ప్లగ్గులోనే: ఆకుపచ్చ పొడి, పిన్ను మీద నల్లటి మచ్చ.

వైరు పైతొడుగు ఒలిచి చూడండి. లోపలి రాగి నల్లబడి ఉంటే కొస కత్తిరించి మళ్లీ ఒలవండి. ఒక జానెడు కత్తిరించినా నలుపే ఉంటే ఆ వైరు మార్చాల్సిందే, తగరం పూత ఉన్న రాగి వైరుతో.

జాయింట్లు ఎలా వేస్తే నిలుస్తాయి?

క్రింపు చేసి (లోహపు గొట్టంలో వైరు పెట్టి నొక్కి బిగించి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగి వేడి చేయాలి. రెండు చివర్లా జిగురు సన్నగా బయటికి ఉబికితే నీళ్లు ఇక లోపలికి పోవు. ఒట్టి టంకం మీద ఆధారపడవద్దు, టంకం ఎక్కిన చోట వైరు పుల్లలా గట్టిపడి కుదుపులకు విరుగుతుంది. వైరు దీపంలోకి దూరే ముందు చిన్న వంపు కిందికి వేలాడేలా వదలండి, వాననీరు అక్కడ బొట్టుగా రాలిపోతుంది. ఫ్యూజు కాపాడేది వైరును. అయినా పాత 10 ఆంపియర్ల ఫ్యూజు తీసి 2 లేదా 3 వేసుకోవడంలో లాభమే ఉంది.

స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతోంది, ఎందుకు?

ప్యానెల్ మీద స్విచ్ పక్కనుండే సూచిక బల్బు గుండా చిటికెడు కరెంటు కారుతుంది. ఫిలమెంటుకు అది ఆనదు, ఎల్‌ఈడీకి చాలు. ప్రమాదం లేదు. చిరాకనిపిస్తే సూచిక వైరును వేరుచేయండి.

దిక్సూచి దగ్గర, కేబిన్‌లో ఏం పెట్టాలి?

దిక్సూచికి ఎర్ర ఎల్‌ఈడీ, బాగా మసకది. దాని రెండు వైర్లూ ఒకదానితో ఒకటి మెలివేసి తీసుకెళ్లండి, లేకపోతే వైరులోని కరెంటే సూదిని పక్కకు లాగుతుంది. వేసీ ఆపీ సూది కదులుతుందేమో చూడండి. కేబిన్‌కు 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు ఛాయ వెలుగు హాయిగా ఉంటుంది.

వించ్‌లను ఎంత తరచుగా విప్పాలి?

ఉప్పునీటిలో తిరిగే పడవకు ఏడాదికి ఒకసారి పూర్తిగా. పందేలకు వెళ్తే మధ్యలో ఇంకోసారి. మంచినీళ్లతో తరచూ కడిగితే ఉప్పు పేరుకోదు గానీ, విప్పే పని తప్పదు.

విప్పడానికి ఏమేం కావాలి?

స్క్రూడ్రైవర్లు, అలెన్ కీలు, పాత పళ్ల బ్రష్షు, గుడ్డ పేలికలు, కిరసనాయిలు పోసుకునే గిన్నె, వించ్ గ్రీజు, సన్నటి యంత్రనూనె, విడి స్ప్రింగులు. వీటన్నింటికన్నా ముఖ్యం ఒక అట్టపెట్టె. దాని అడుగున డ్రమ్ పట్టేంత రంధ్రం కోసి వించ్ చుట్టూ తొడగండి. ఎగిరిన సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు), జారిన రోలరు నీళ్లలో కాక పెట్టెలో పడతాయి. డెక్ మీది నీళ్లు పోయే రంధ్రాల్లో గుడ్డ కుక్కడం మరవద్దు.

విప్పే వరుస ఏమిటి?

రకాన్ని బట్టి పైన సర్‌క్లిప్ గానీ, మరతో బిగించే మూత గానీ ఉంటుంది. సర్‌క్లిప్‌కు ఒక చెయ్యి అడ్డుపెట్టి, రెండో చేత్తో చిన్న స్క్రూడ్రైవర్‌తో కొస నుంచి లేపండి. తర్వాత డ్రమ్‌ను నిటారుగా, మెల్లగా, కొద్దిగా తిప్పుతూ ఎత్తండి. ఇక్కడ తొందర వద్దు: గ్రీజు జిగురుకు బేరింగు డ్రమ్ లోపలే అంటుకుని పైకొచ్చి, సగం ఎత్తాక ఊడిపడుతుంది. కింద అరచెయ్యి పెట్టుకోండి.

ప్రతి భాగం తీసేముందు ఒక ఫొటో తీసుకుని, తీసింది తీసినట్టు వరసగా గుడ్డ మీద పేర్చండి. వాషర్లు ఏ పక్క పైకి ఉన్నాయో కూడా. తర్వాత గేర్ల షాఫ్టులు పైకి లాగితే గేర్లు వచ్చేస్తాయి. ఒకేసారి రెండు వించ్‌లు విప్పవద్దు, రెండోది చూసి మొదటిది కూర్చుకోవచ్చు.

లోహపు భాగాలను కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్షుతో రుద్దండి. ప్లాస్టిక్ బేరింగులకు సబ్బునీళ్లు చాలు, అసిటోన్ లాంటివి వాటిని తినేస్తాయి. అడుగు పలకలో నీళ్లు పోయే సన్న రంధ్రాలుంటాయి, పుల్లతో పొడిచి తెరవండి. అవి మూసుకుపోతే వించ్ లోపల ఉప్పునీటి గుంట తయారవుతుంది.

డ్రమ్ అసలు కదలడమే లేదు. కొట్టి తీయాలా?

ముందు వేడి మంచినీళ్లు పోయండి. బిగించి పట్టింది చాలాసార్లు ఉప్పే, అది కరుగుతుంది. ఆ తర్వాత తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేసి, చెక్క సుత్తితో చుట్టూ మెత్తగా తట్టండి. ఒక పక్కన స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే డ్రమ్ వాలి ఇంకా బిగుసుకుంటుంది, అంచు కూడా పగులుతుంది.

అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు ఉంటే ఉప్పునీటిలో అల్యూమినియం తుప్పు పట్టి మరలు పట్టేస్తాయి. తిరిగి బిగించేటప్పుడు మర మీద పట్టు నిరోధించే పేస్టు రాయండి.

గ్రీజు ఎక్కడ, నూనె ఎక్కడ?

ఈ ఒక్కటి గుర్తుంటే మిగిలినవి మర్చిపోయినా ఫరవాలేదు. గేరు పళ్లకు, షాఫ్టులకు, రోలర్లకు పలచని పొర గ్రీజు. డ్రమ్‌ను ఒకవైపే తిరగనిచ్చే పాల్‌లకు, అంటే ఆ చిన్న లోహపు నాలుకలకు, వాటి స్ప్రింగులకు నూనె ఒక్కో చుక్క మాత్రమే. నాలుకకు గ్రీజు పెడితే అది చలికి గట్టిపడి, ధూళి పట్టి, నాలుకను గూట్లోనే అంటించేస్తుంది. నాలుక బయటికి రాకపోతే పట్టు లేదు. బరువు మీదున్న హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి మణికట్టు విరగ్గొట్టగలదు.

గ్రీజు పొర కింద పంటి రంగు కనపడుతూ ఉండాలి. కనపడకపోతే ఎక్కువైనట్టు. తుప్పు వదిలించే స్ప్రేలు గ్రీజుకు బదులు కావు, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తాయి.

నాలుకలు ఏ వైపుకు పెట్టాలి? పని సరిగ్గా చేశామని ఎలా తెలుస్తుంది?

స్ప్రింగు ఒక కాలు నాలుకలోని గాడిలో, రెండో కాలు గూటి గోడకు ఆనాలి. పెట్టాక వేలితో నాలుకను లోపలికి నొక్కి వదలండి. టక్కున బయటికి రావాలి. బద్ధకంగా వస్తే స్ప్రింగు మార్చండి, ఒకటి మారిస్తే అన్నీ మార్చండి. డ్రమ్‌ను దించేటప్పుడు నాలుకలు అడ్డం పడితే వాటి చుట్టూ సన్నటి దారం చుట్టి లోపలికి ముడిచి, డ్రమ్ కాస్త కూర్చోగానే దారం లాగేయండి.

పైనుంచి చూస్తే డ్రమ్ గడియారం ముల్లు దిశలో హాయిగా తిరగాలి, ఎదురు దిశలో రాయిలా ఆగాలి. పడవకు రెండు పక్కలా ఉన్న వించ్‌లూ ఇదే దిశ. తిరిగేటప్పుడు టిక్ టిక్ శబ్దం తెగ్గొట్టినట్టు, సమంగా వినపడాలి. ఒక టిక్కు గట్టిగా, ఒకటి మూగగా ఉంటే ఎక్కడో ఒక నాలుక అంటుకుంది. మళ్లీ విప్పండి, తప్పదు.

రెండు వేగాల వించ్‌లో ఒక వేగమే పనిచేస్తోంది?

హ్యాండిల్ ఒకవైపు తిప్పితే వేగం, రెండోవైపు తిప్పితే బలం. ఏ వైపు తిప్పినప్పుడు ఖాళీగా తిరుగుతోందో ఆ గేరులోని నాలుకలే కారణం.

తాడు మీద తాడు పడి బిగుసుకుపోతోంది. వించ్ లోపమా?

కాదు, తాడు వచ్చే కోణం లోపం. తాడు డ్రమ్‌కు కాస్త కిందినుంచి, 5 నుంచి 8 డిగ్రీలు పైకి ఎక్కుతూ రావాలి. సమంగానో పైనుంచో వస్తే కొత్త చుట్టు పాతదాని మీదికి ఎక్కుతుంది. ముందున్న కప్పీని కిందికి దించండి, లేదా వించ్ కింద వాలు దిమ్మ వేయండి. బరువు పడకముందే నాలుగు చుట్లు వేయడం కూడా ఒక కారణం. తాడు వదులుగా ఉన్నంతసేపు ఒకటో రెండో చాలు, బిగిశాక మిగతావి వేయండి.

వించ్ బోల్టుల దగ్గర కేబిన్‌లోకి నీళ్లు కారుతున్నాయి?

పైన సీలెంటు పూసి ఊరుకుంటే డెక్ లోపలి చెక్క కుళ్లుతుంది. వించ్ ఎత్తి, 6 మి.మీ. బోల్టు రంధ్రాన్ని 12 మి.మీ.కు పెంచి, చుట్టూ మెత్తబడిన చెక్కను వంపు మేకుతో గీకేసి, ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక మళ్లీ 6 మి.మీ. రంధ్రం చేయండి. అప్పుడు నీళ్లు పోయినా తగిలేది ఎపాక్సీకే. బోల్టుల కింద లోపలివైపు లోహపు పలక ఉండాలి, ఒట్టి వాషర్లు చాలవు.

వించ్ బలం చాలడం లేదు. పెద్దది కొనాలా?

ముందు హ్యాండిల్ కొలవండి. వించ్ బలమంటే హ్యాండిల్ పొడవును డ్రమ్ వ్యాసార్ధంతో భాగించి, గేరు నిష్పత్తితో గుణించడమే. 254 మి.మీ. హ్యాండిల్, 35 మి.మీ. వ్యాసార్ధం, గేరు 4 అయితే 29 రెట్లు. అదే 200 మి.మీ. పొట్టి హ్యాండిల్‌తో 23కు పడిపోతుంది. ఇదంతా రాపిడి లేనప్పటి లెక్క, గట్టిపడిన గ్రీజు ఇందులోంచి ఇంకా కోసేస్తుంది.

గేరు పళ్లకు గుంటలు పడితే, డ్రమ్ నున్నగా అరిగి నాలుగు చుట్లేసినా తాడు జారుతుంటే మార్చడం న్యాయమే. తయారీ ఆగిపోయిన పాత వించ్‌కు కూడా నాలుకలు, స్ప్రింగులు దొరకవచ్చు. నాలుక పొడవు, వెడల్పు, మందం కాలిపర్‌తో కొలిచి ఆ కొలతలతో వెతకండి, పేరుతో కాదు. స్ప్రింగులు మాత్రం కావలసినదానికి రెట్టింపు తెచ్చుకోండి. అట్టపెట్టె పెట్టినా ఒకటి నీళ్లలోకి పోతుంది.